ఎమ్మెల్యే నుంచి సమాచారం: వార్డు సభా, అచ్చు కాగితమా, ఫోను సందేశమా - ఏది మేలు?

మన విశాఖలో ఎంవీపీ కాలనీ వాళ్ళు కలిసినా, మధురవాడ వాళ్ళు కలిసినా, గాజువాక వాళ్ళు కలిసినా ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "అసెంబ్లీలో మన ఊరి సంగతులు ఎంతవరకు వచ్చాయో ఎప్పటికప్పుడు చెప్పమని మా ఎమ్మెల్యేగారిని కోరాలనుకుంటున్నాం. ఏ రూపంలో చెప్పమని అడగాలి? వార్డులో సభ పెట్టమనాలా, ఫోనుకు సందేశాలు పంపితే చాలంటామా, అచ్చు వేసిన కాగితం ఇమ్మంటామా?" మా కాలనీ సంక్షేమ సంఘంలో కూడా ఇటీవలే ఇదే చర్చ నడిచింది. వాదోపవాదాల తరువాత కాగితమే కావాలని తీర్మానించుకున్నాం. ఆ తీర్మానానికి కారణాలు ఏమిటో, మిగతా వాటిని ఎందుకు వెనక్కి నెట్టామో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఫోను. దీనికున్న బలం వేగం. ఉదయం మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంటే మధ్యాహ్నానికి మన చేతిలో ఉంటుంది. ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు ఏ బస్సులో ఉచితం, ఏ బస్సులో కాదు అన్న సందేహం ఊరంతా ఉంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితమని ఒక్క సందేశం చెప్పేస్తుంది. ఇలాంటి వాటికి ఫోనును మించింది లేదు. కానీ ఎమ్మెల్యే కార్యాలయాలు నడిపే వాట్సాప్ గ్రూపులు చాలావరకు ఒకవైపు మాత్రమే తెరిచిన తలుపులు. మనం చదవగలం, తిరిగి అడగలేం. అడగనిచ్చే గ్రూపులైతే శుభోదయాలతో, శుభాకాంక్షలతో నిండిపోయి అసలు విషయం కిందికి జారిపోతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది తేదీది. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ మీద ఎప్పుడో వచ్చిన సందేశం ఒకరి నుంచి ఒకరికి తిరిగి తిరిగి, ఈరోజు వార్తలాగా మళ్ళీ మన ఫోనులోకే వస్తుంది. కూర్మన్నపాలెం, ఉక్కునగరం ప్రాంతాల్లో ఉద్యోగుల కుటుంబాలు ఇలాంటి పాత సందేశాలు చూసి ఎంత కలత పడ్డాయో అక్కడివాళ్ళను అడిగితే చెబుతారు.

పత్రికా సమావేశాలు, కేబుల్ టీవీ ముఖాముఖీలు, ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారాలు కూడా ఉన్నాయి. అవి ఉంటే మంచిదే, కానీ మన కోసం ప్రత్యేకంగా అడగాల్సినవి కావు. కూడళ్ళలో కట్టే ఫ్లెక్సీల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అసలు పోటీ వార్డు సభకు, అచ్చు కాగితానికి మధ్యనే. మా సంఘంలో సగం మంది సభ వైపే నిలిచారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. ఎమ్మెల్యే మన వీధిలో, మన ఎదుట కూర్చుంటారు. మంత్రిగారు అసెంబ్లీలో ఇచ్చిన జవాబు మీద మనం ప్రశ్న వేయగలం, దాని మీద ఇంకో ప్రశ్న వేయగలం. చదువు రానివారికి కూడా అందుతుంది. పక్కింటాయన కష్టం మనకు తెలిసేది కూడా అక్కడే. వినే ఎమ్మెల్యేకు కూడా అది మంచిదే. ఏ మాటకు జనం ముఖం ముడుచుకుంటారో ఎదురుగా చూస్తే తెలిసినంతగా మరెలాగూ తెలియదు.

అయినా నేను సభకు రెండో స్థానమే ఇస్తాను. మన నగరంలో జరిగిన ఏ సభనైనా గుర్తు చేసుకోండి. మొదటి ప్రశ్న మురుగు కాలువ మీద వస్తుంది. రెండోది వీధి దీపం, మూడోది కుళాయి నీళ్ళు, నాలుగోది కుక్కలు. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు, ఆ బాధలు నిజమైనవే. కానీ అవి మహా విశాఖ నగరపాలక సంస్థ చూడాల్సిన పనులు. 98 వార్డులకు 98 మంది కార్పొరేటర్లను పెట్టుకున్నది అందుకే. ఎమ్మెల్యేలు ఆ పాలకమండలిలో పదవిరీత్యా సభ్యులే అయినా, వాళ్ళను మనం గెలిపించింది ముందుగా శాసనసభకు. చట్టం చేసేటప్పుడు, బడ్జెట్‌కు చేయెత్తేటప్పుడు, మంత్రిని ప్రశ్నించేటప్పుడు మన తరఫున ఏమి చేశారన్నది వార్డు సభలో ఎవరూ అడగరు. అడుగుదామని వచ్చినవాడు కూడా పక్కనే వినతిపత్రాలు పట్టుకుని నిలబడ్డ వరుసను చూసి ఊరుకుంటాడు. రెండు గంటలు గడిచాక అందరూ లేస్తారు. ఆ రోజు ఇచ్చిన మాట ఎక్కడా రాసి ఉండదు. ఆరు నెలల తరువాత "మీరు అప్పుడు ఇలా అన్నారు" అంటే, "అలా అనలేదు" అన్న జవాబు రావచ్చు. ఎవరి మాట నిజమో తేల్చే సాక్ష్యం ఉండదు.

ఇక కాగితం సంగతి. నా దృష్టిలో తూకాన్ని ఒకవైపు వంచేది ఒకే ఒక్క అంశం: విషయం ఏ మెట్టు మీద ఉందో చెప్పించగలగడం. ప్రకటన ఒక మెట్టు. మంత్రివర్గ ఆమోదం ఇంకొకటి. బిల్లు, చట్టం, జీవో, నిధుల విడుదల, టెండరు, పని మొదలు కావడం, ఇవన్నీ వేరువేరు మెట్లు. నోటితో చెప్పేటప్పుడు వీటన్నిటినీ కలిపి "అయిపోయింది" అనేయవచ్చు. రాసేటప్పుడు అలా కుదరదు.

మన ఊరి ఉదాహరణలే చూడండి. రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ముడసర్లోవ దగ్గర ప్రధాన కార్యాలయ భవనానికి ప్రధాని శంకుస్థాపన చేసింది 2025 జనవరిలో. మధ్యలో దాదాపు ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో "జోన్ వచ్చేసింది" అన్నవాళ్ళున్నారు, "జోన్ లేనే లేదు" అన్నవాళ్ళున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి మెట్టు మీద నిలబడి వాళ్ళు మాట్లాడారు. చెత్త పన్ను కూడా అంతే. రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి 2024 అక్టోబరు 2న ప్రకటించారు. అదే నెలలో మంత్రివర్గం సరేనంది. చట్ట సవరణ ఆ తరువాతి మెట్టు. ఆ మధ్యకాలంలో బకాయి కట్టాలా వద్దా అని ఇంటింటా అడిగారు. మెట్రో రైలు మొదటి దశకు, అంటే 46.23 కిలోమీటర్లకు, రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. అంతమాత్రాన పని మొదలైనట్టు కాదు; కేంద్రం ఆమోదం, రుణం, భూసేకరణ, టెండర్లు దేనికదే. ఇళ్ళు, దుకాణాలు ఆ దారిలో ఉన్నవాళ్ళకు ఈ తేడా తెలియడం చాలా అవసరం. ఇల్లు అమ్మాలా, బాగు చేయించుకోవాలా అన్న నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

విశాఖకు మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడి పెద్ద విషయాల్లో చాలా వాటి తాళంచెవి అమరావతిలో లేదు. ఉక్కు కర్మాగారం, పోర్టు, రైల్వే, నౌకాదళం భూములు అన్నీ కేంద్రం చేతిలోవి. ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుకు ఇవ్వాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయిస్తే, అదే ఏడాది మే నెలలో మన శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. తీర్మానం మన మాటను గట్టిగా చెబుతుంది కానీ కేంద్రాన్ని కట్టిపడేయదు. 2025 జనవరిలో వచ్చిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ కూడా కేంద్ర నిర్ణయమే. కాబట్టి ఎమ్మెల్యే ఇచ్చే కాగితంలో "ఇది ఎవరి చేతిలో ఉంది" అన్న గడి తప్పకుండా ఉండాలి. అది ఉంటే మనం కూడా ఎమ్మెల్యేను అనవసరంగా నిందించం, ఎవరిని అడగాలో వాళ్ళనే అడుగుతాం.

మేము తయారు చేసిన నమూనా ఒక్క పేజీ. విషయం పేరు, అది ఎవరి చేతిలో ఉంది, ఏ మెట్టు మీద ఉంది, ఆ మెట్టుకు చేరిన తేదీ, ఈసారి అసెంబ్లీ సమావేశాల్లో ఎమ్మెల్యే దాని మీద చేసింది ఏమిటి. ఈ చివరి గడిలో శాసనసభలో వేసిన ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు రావాలి. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలోనే నోటితో జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. రెండూ రికార్డులో ఉండేవే కనుక వాటిని కాగితం మీద పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. ఏమీ చేయకపోతే ఆ గడి ఖాళీగా ఉండనివ్వమని కూడా రాశాం. ఎమ్మెల్యే మంత్రి అయితే ప్రశ్నలు వేయరు. అప్పుడు ఆ గడిలో తన శాఖలో మన ఊరికి సంబంధించి తీసుకున్న నిర్ణయాలు రాయాలి.

ఎప్పుడెప్పుడు ఇవ్వాలి? నెలనెలా అక్కర్లేదు. అసెంబ్లీ సమావేశాలు ముగిసిన ప్రతిసారీ చాలు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని రాజ్యాంగమే చెబుతోంది కనుక ఏడాదికి కనీసం రెండు కాగితాలు వస్తాయి. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ విషయం ఒక మెట్టు ఎక్కింది, ఏది కదలకుండా ఉంది ఇట్టే కనిపిస్తుంది. సభ గానీ, ఫోను గానీ ఇవ్వలేనిది ఇదే.

కాగితానికి లోపాలు లేవని అనను. అది ప్రచార పత్రంగా మారిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఫొటోలు, పార్టీ గుర్తులు వద్దని ముందే కోరాం. ప్రతి ఇంటికీ పంచాలంటే ఖర్చు. ఆ అవసరం లేదు. వార్డు సచివాలయం, రేషన్ డిపో, రైతు బజారు, గ్రంథాలయం, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు, ఇన్ని చోట్ల అంటిస్తే ఊరంతా చదువుతుంది. మా కాలనీ వరకు నకళ్ళ ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. చదవలేనివారి మాట నిజమే. దానికి కాగితం అంటించిన రెండు వారాలకు సభ పెట్టమని అడగడమే దారి. అప్పుడు సభలో ప్రశ్నలు ఆ కాగితం మీదే నడుస్తాయి, కాలువల కోసం కార్పొరేటర్‌ను వేరే రోజు పిలవవచ్చు. ఫోను ఆ సభ తేదీ చెప్పడానికి పనికొస్తుంది.

ఒక్క చోట మాత్రం ఈ వరుస తిరగేయాలి. జాలారిపేట, ఫిషింగ్ హార్బర్ ప్రాంతాల వాళ్ళు అడిగితే ముందు సభే పెట్టించుకోమంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులూ ఊళ్ళోనే ఉంటారు. ఆ రోజుల్లో ఇచ్చే భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేల రూపాయలకు పెరిగింది. ఎవరి పేరు జాబితాలో ఉంది, ఎవరిది లేదు, ఎందుకు లేదు అన్నది అక్కడ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. బడ్జెట్ సమావేశాలు కూడా మామూలుగా అప్పటికి ముగుస్తాయి కనుక ఎమ్మెల్యేకూ తీరిక దొరుకుతుంది. సభ అయ్యాక అక్కడ ఇచ్చిన మాటలను అదే నమూనాలో రాయించి, ఎమ్మెల్యే సంతకంతో హార్బర్‌లో వేలంపాట జరిగే చోట అంటించమని అడగండి. మా నమూనా కావలసిన సంఘాలు తీసుకుని, మీ నియోజకవర్గానికి తగ్గట్టు విషయాలు మార్చుకోవచ్చు.