లైవ్ అని చెప్పి రికార్డింగ్ చూపించి పెట్టె అంటగట్టారు: ఫార్ములా వన్ చూసేవాళ్ళు జాగ్రత్త

పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం వైపు కారు రేసులు చూసేవాళ్ళం ఎంతమందిమి ఉంటామో తెలీదు గానీ, మనల్నే వెతుక్కుని మరీ, టీవీకి తగిలిస్తే రేసులన్నీ లైవ్ వస్తాయంటూ ఒక పెట్టె అమ్ముతున్నారు. నేను కొన్నాను. పెట్టెకు 2,200, ఏడాది ప్యాక్‌కు 1,500, మొత్తం 3,700 రూపాయలు. డబ్బు పోయిందంటే సరే, అది పోయిన సమయం ఉంది చూశారూ, అదే మింగుడు పడటం లేదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 2025 అక్టోబర్ 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో రెండు కొబ్బరిచెట్లు వైర్ల మీద పడ్డాయి. కరెంటు వచ్చింది, తర్వాత నెట్ వచ్చింది. కేబుల్ మాత్రం రేపూ మాపూ అంటూ నెల గడిచింది. అసలు కేబుల్ వచ్చినా అందులో రేసు రాదు, అది వేరే సంగతి. 2022 దాకా స్టార్ స్పోర్ట్స్‌లో వచ్చేది. 2005లో మన నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు కారు ఎక్కినప్పటి నుంచి నేను చూస్తున్నాను. 2011లో గ్రేటర్ నోయిడాలో మన దేశపు రేసు జరిగినప్పుడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూపించాను. మూడేళ్ళు జరిగింది, మూడుసార్లూ జర్మనీ డ్రైవర్ వెట్టెలే గెలిచాడు. స్టార్ వాళ్ళ ఒప్పందం అయిపోయాక రేసు యాప్‌లలోకి వెళ్ళిపోయింది. నాలాంటి వాడికేమో పెద్ద టీవీలో, సోఫాలో కూర్చుని, రిమోట్ నొక్కితే రావాలి. ఈ బలహీనత మీదే ఈ పెట్టెలవాళ్ళ వ్యాపారమంతా.

నవంబర్ రెండో వారంలో చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాను, మోటారు రిపేరు పని మీద. పక్కనే మొబైల్ షాపు. అద్దం మీద 'అన్ని స్పోర్ట్స్ లైవ్, ఏడాదికి 1,500' అని కాగితం. లోపల టీవీలో రేసు ఆడుతోంది! మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. మంగళవారం నాడు ఏ రేసూ ఉండదని నాకు తెలుసు. పైగా తెర మీద వెట్టెల్ ఆకుపచ్చ ఆస్టన్ మార్టిన్ నడుపుతున్నాడు.

"ఈయన 2022లోనే రిటైర్ అయిపోయాడు కదా బాబూ" అన్నాను.

"ఆయ్, ఇరవై నాలుగు గంటల ఛానెలండీ. రేసు లేనప్పుడు పాతవి వేస్తుంటారు. ఆదివారం లైవ్ ఇలాగే వచ్చేస్తుంది, మీకెందుకండీ టెన్షన్" అన్నాడు కుర్రాడు.

నమ్మేశాను. ఎందుకు నమ్మానంటే బొమ్మ అంత బాగుంది. టైరు మీద అక్షరాలు కూడా చదవచ్చు. కానీ ఆ కుర్రాడు రిమోట్‌తో ఏదో నొక్కినప్పుడు తెర అడుగున సన్నటి గీత ఒకటి వచ్చింది. ఎడమ పక్క నలభై ఏడు నిమిషాలు, కుడి పక్క గంటా యాభై రెండు. నా కళ్ళతో చూశాను. ఛానెల్ అయితే ఆ కుడి పక్క అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పుడు అయిపోతుందో ముందే తెలిసేది ఫైలుకే. అది ఇంటికొచ్చి రెండు వారాలయ్యాక వెలిగింది నాకు. మా బావమరిది అయితే ఇంకో మాట అన్నాడు: "బావా, ఆ షాపులో పెట్టె వెనక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది, నువ్వు చూళ్ళేదా?" వాడు ఆ రోజు నాతోనే ఉన్నాడు. అప్పుడే చెప్పి ఏడవచ్చు కదా.

బిల్లు అడిగాను. "బిల్లయితే జీఎస్టీ పడుతుందండీ, మీకే ఎక్కువవుతుంది" అన్నాడు. ఫోన్‌పే చేస్తే షాపు పేరు రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి చూసి వెనక్కి తిరిగినా ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మొదటి ఆదివారం, నవంబర్ 23, లాస్ వేగాస్. మనకు ఉదయం తొమ్మిదిన్నర. వచ్చింది! అబద్ధం చెప్పను, రేసు మొత్తం వచ్చింది. కామెంటరీ స్పానిష్‌లో. ఇంకో తిరకాసు ఏంటంటే, ఫోన్‌లో 41వ ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) అని చూపిస్తుంటే టీవీలో ఇంకా 39 నడుస్తోంది. వాట్సాప్‌లో మిత్రులు ముందే అన్నీ చెప్పేస్తున్నారు. ఫోన్ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి చూశాను. తర్వాతి వారం ఖతార్, రాత్రి తొమ్మిదిన్నర. బొమ్మ బూజు పట్టినట్టు అయిపోయింది, ఏ కారు ఎవరిదో తెలియలేదు, అయినా చివరిదాకా నడిచింది. పెట్టె కొన్నవాళ్ళకని వాళ్ళు పెట్టిన వాట్సాప్ గ్రూపులో అడిగితే "మీ నెట్ స్లో అండీ" అన్నారు. మన నెట్‌నే అనుమానించాను, రూటర్ ఆపి మళ్ళీ వేశాను, పాపం.

ఇక డిసెంబర్ 7. అబుదాబి, సాయంత్రం ఆరున్నర. సీజన్ అంతా ఆ ఒక్క రేసుకు వచ్చి ఆగింది. డ్రైవర్లలో నారిస్‌కు 408 పాయింట్లు, వెర్‌స్టాపెన్‌కు 396, పియాస్ట్రీకి 392. ఎవరు గెలిచినా నారిస్ మూడో స్థానంలో వస్తే చాంపియన్. కోతల పని చూసుకుని నాలుగింటికే ఇంటికొచ్చి, స్నానం చేసి, మా ఆవిడ చేత పకోడీ వేయించుకుని కూర్చున్నాను. బావమరిది, వాడి స్నేహితులు ఇద్దరు కూడా. మొదటి ల్యాప్‌లోనే పియాస్ట్రీ నారిస్‌ను దాటేశాడు. నారిస్ మూడో స్థానంలో పడ్డాడు, వెనక లెక్లెర్ తరుముతున్నాడు. టైర్లు మార్చుకుని వచ్చాక నారిస్‌కు ఎదురుగా సునోడా. సునోడా అంటే వెర్‌స్టాపెన్ జట్టువాడే, దారి ఇస్తాడా? అడ్డం తిరుగుతున్నాడు, నారిస్ పక్కకు జరిగాడు...

అక్కడ ఆగిపోయింది. రెండు కార్లూ పక్కపక్కన, మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న చక్రం. ఒక నిమిషం చూశాం. రెండు నిమిషాలు చూశాం. తర్వాత తెర నల్లబడి, ఏదో బెట్టింగ్ యాప్ ప్రకటన వచ్చింది. ఛానెల్ మారిస్తే ఇంకోటి, అదీ అంతే. పకోడీ చల్లారిపోయింది. సునోడాకు అయిదు సెకన్ల శిక్ష పడిందనీ, నారిస్ మూడో స్థానంలో ముగించి 423తో, కేవలం రెండు పాయింట్ల తేడాతో చాంపియన్ అయ్యాడనీ ఫోన్‌లో చదువుకున్నాను. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి, ఆఖరి ముప్పై అయిదు ల్యాప్‌లు చదువుకోవాల్సి వచ్చింది.

తర్వాత కనుక్కుంటే అసలు విషయం ఇది. ఆ పెట్టె మామూలు ఆండ్రాయిడ్ పెట్టె, అందులో మాయేమీ లేదు. ప్యాక్ అంటే ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్. ఎవడో ఎక్కడో ఒక దేశపు ఛానెల్‌ను దొంగతనంగా తీసుకుని తన సర్వర్ నుంచి పంపుతాడు, దాన్ని వీళ్ళు వందలమందికి అమ్ముతారు. ఓ మాదిరి రేసుకు చూసేవాళ్ళు తక్కువ కాబట్టి ఎలాగో నడుస్తుంది. పెద్ద రేసుకు అందరూ ఒకేసారి ఎక్కుతారు, సర్వర్ కూలబడుతుంది. పైగా హక్కులు కొన్నవాళ్ళు లైవ్ నడుస్తుండగానే ఇలాంటివి వెతికి ఆపించేస్తుంటారు. అంటే మీకు ఏ రోజు బాగా కావాలో ఆ రోజే రాదు. దీనికి వారంటీ ఎవడిస్తాడు? దొంగ సరుకు కొన్నాననే మాట కూడా నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆ కాగితం చూసినప్పుడే 1,500కు అన్నీ ఎలా ఇస్తారని అడగాల్సింది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్పేది. ఆ రాత్రే గ్రూపులో మెసేజ్ వచ్చింది: 'సర్వర్ మారింది, ఈ కొత్త యాప్ మీ ఫోన్‌లో కూడా వేసుకోండి'. కింద లింకు. బావమరిది ఆవేశంలో నొక్కేశాడు. అది మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగింది, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ, అంటే ఫోన్ తెరను చూసి తనే నొక్కగలిగే అనుమతి, ఆన్ చేయమంది. మా అమ్మాయి పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. "మామయ్యా, రేసు చూపించే యాప్‌కి నీ ఓటీపీలతో పనేంటి?" అని ఫోన్ లాక్కుని తీసేసింది. యూపీఐ పిన్ కూడా అప్పుడే మార్పించింది. మీలో ఎవరైనా ఆ యాప్ వేసుకుని ఉంటే ముందు నెట్ ఆపేసి దాన్ని తీసేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే ఆలోచించకుండా 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

సోమవారం షాపుకు వెళ్ళాను. ఆ కుర్రాడు లేడు. కౌంటర్ దగ్గరున్నాయన "అది వాడి సొంత బేరమండీ, మాకు సంబంధం లేదు" అన్నాడు. మీ అద్దం మీద కాగితం ఉంది కదండీ అంటే, చూస్తుండగానే చింపేశాడు. చివరికి 500 చేతిలో పెట్టి పంపాడు. ఇంటికి వచ్చేసరికి గ్రూపులోంచి నన్ను తీసేశారు. 1915కు, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేద్దామంటే బిల్లు లేదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. అదే పెట్టి ప్రయత్నిస్తున్నాను.

రేసు చూడాలంటే దారి లేదా అంటే ఉంది. 2024 నుంచి మన దేశంలో ఫ్యాన్‌కోడ్ అనే యాప్‌లో వస్తోంది. మొత్తం సీజన్‌కూ తీసుకోవచ్చు, ఒక్క రేసుకు పాస్ కూడా తీసుకోవచ్చు. స్మార్ట్ టీవీలో యాప్ వేసుకుంటే సరిపోతుంది, ఈ పెట్టెతో పనే లేదు. నేను ముందే ఈ పని చేసి ఉంటే నాకు అయ్యే ఖర్చు పెట్టె డబ్బుకు దరిదాపుల్లో కూడా లేదు. అయినా ఎవరైనా ఏదైనా అమ్మడానికి వచ్చి డెమో చూపిస్తానంటే, మంగళవారం వద్దనండి. రేసు వారంలో శుక్రవారం ప్రాక్టీస్ ఉంటుంది, అది లైవ్‌లో చూపించమనండి. పక్కన మీ ఫోన్‌లో టైమింగ్ పెట్టుకుని పోల్చుకోండి. శుక్రవారం అనగానే ముఖం ఎలా మారుతుందో చూస్తారు.

కొత్త సీజన్ 2026 మార్చి 8న మెల్‌బోర్న్‌లో మొదలు, మనకు ఉదయం తొమ్మిదిన్నర. ఆ లోపు వీళ్ళు ఇంకో పేరుతో మళ్ళీ దిగుతారు. గుర్తు చెబుతాను: నీలం రంగు అట్టపెట్టె, మీద బంగారు అక్షరాలతో '8కె', తయారుచేసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు, రిమోట్‌కు బ్యాటరీలు మనమే కొనుక్కోవాలి. నాది ప్లగ్ పీకేసి అటక మీద పడేశాను.