పక్కింటి కింద సొరంగం: ఎక్సెల్ షీటు చాలా, టూడీ మోడల్ కావాలా, త్రీడీ దాకా పోవాలా?

చెన్నైలో షావుకారుపేట, మన్నడి వైపు పాత మిద్దె ఇల్లు ఒకటి అనుకుందాం. ఇటుక గోడలు, సున్నపు అతుకు, పైన మద్రాస్ టెర్రస్ కప్పు, లోతు లేని పునాది. దాని పక్కగా ఇసుకమట్టిలో 6.6 మీటర్ల వ్యాసం తవ్వుకుంటూ టీబీఎం, అంటే సొరంగం తవ్వే యంత్రం, రాబోతోంది. సొరంగం నడిమి గీత నేల మట్టానికి 16 మీటర్ల కింద ఉంది. గోడ బీటలిస్తుందా లేదా, ముందే చెప్పాలి.

మొదట ఎక్సెల్. సొరంగం మీద నేల ఎలా కుంగుతుందో చూపే గంట ఆకారపు వంపును ఇంజనీరు పెక్ 1969లో చెప్పాడు, అది ఇప్పటికీ చెల్లుతోంది. రెండు అంకెలు చాలు. ఒకటి వాల్యూమ్ లాస్, అంటే తవ్విన గుండ్రానికి మించి లోపలికి జారిన మట్టి శాతం. రెండోది మట్టిని బట్టి మారే కె: ఇసుకకు 0.25 నుంచి 0.35, బంకమట్టికి 0.5 దాపుల. 1 శాతం, 0.35 వేసి చూడండి. పల్లం వెడల్పును చెప్పే ఐ విలువ 0.35 × 16 = 5.6 మీటర్లు. నడిమధ్య కుంగుదల 0.313 × 0.01 × 6.6 × 6.6 ÷ 5.6, అంటే 24 మిల్లీమీటర్లు. బాగా వాలిన చోట వాలు 380కి 1. కుంగుదల 10 మిల్లీమీటర్ల లోపు, వాలు 500కి 1 లోపు ఉంటే ఆ ఇంటిని అక్కడితో వదిలేయవచ్చు. ఇక్కడ రెండూ దాటాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. భయమంతా సొరంగం నెత్తిన ఉన్న ఇంటి గురించే. అక్కడ నేల కుంగుతుంది కానీ అడ్డంగా దగ్గరికి నొక్కుకుంటుంది, ఇటుక ఆ నొక్కుడును ఓర్చుకుంటుంది. గీత నుంచి 9.7 మీటర్ల పక్కన మాత్రం నేల సాగుతుంది, మన లెక్కలో 0.068 శాతం. పైగా అక్కడ గోడ వీపు విరిచినట్టు వంగుతుంది, బీట పైనుంచి తెరుచుకుంటుంది. సాగదీత 0.05 శాతం దాటితే సన్నని గీతలు పడతాయి, 0.15 దాటితే తలుపులు బిగుసుకుంటాయి. వంపు వల్ల వచ్చే సాగదీతను కూడా కలిపాకే ఈ హద్దులతో పోల్చాలి.

ఈ షీటు ఇంటి బిగువును లెక్కలోకి తీసుకోదు. సున్నపు గోడల ఇల్లు నేల ఎటు పోతే అటే పోతుంది కాబట్టి పెద్ద తేడా రాదు. అదే టి.నగర్‌లో రాఫ్ట్, అంటే కట్టడమంతటి కిందా ఒకే పలకగా వేసిన పునాది, మీద లేచిన ఆరంతస్తుల కొట్టుకైతే షీటు ఎక్కువ భయపెడుతుంది.

సొరంగాన్ని అడ్డంగా కోసిన ఒక్క ముక్కను కంప్యూటర్‌లో లెక్కించే టూడీ మోడల్ చూపులకు ఘనంగా ఉంటుంది, రంగురంగుల బొమ్మలు వస్తాయి. మట్టి ఎప్పుడు తెగుతుందో చెప్పే మామూలు మోర్-కూలుంబ్ నమూనా పెట్టారంటే మాత్రం పల్లం ఉన్నదానికంటే వెడల్పుగా, చదునుగా తేలుతుంది. వాలు తగ్గుతుంది, ఇల్లు క్షేమమనిపిస్తుంది. తప్పు ప్రమాదం వైపే జరిగిందన్నమాట. చిన్న సాగదీతల దగ్గర మట్టి ఎక్కువ బిగువుగా ఉంటుంది. ఆ గుణాన్ని పట్టే నమూనా వాడాలి, మోడల్ అంచులు సొరంగానికి కనీసం నాలుగైదు వ్యాసాల దూరం ఉండాలి. అలా చేయకపోతే దీనికంటే ఎక్సెలే నయం. రెండు సొరంగాలు, పక్కన స్టేషన్ గోడ ఉన్నచోట టూడీ పనికొస్తుంది.

త్రీడీలో ముఖం (టీబీఎం ముందు తవ్వే మట్టి) మీది ఒత్తిడి, షీల్డ్ (యంత్రపు ఉక్కు తొడుగు) చుట్టూ సందు, వెనక నింపే గ్రౌట్ (సిమెంటు ముద్ద), సొరంగం గోడగా వేసే ఒక్కో కాంక్రీటు రింగూ వరుసగా వస్తాయి. టీబీఎం ఇంటి కిందుగా దాటేటప్పుడు ఇల్లు కాసేపు మెలి తిరిగినట్టవుతుంది. టూడీ దాన్ని చూపదు. పైళ్ల (నేలలోకి లోతుగా దింపిన స్తంభాల) మీద నిలిచిన భవనం, సొరంగానికి ఏటవాలుగా ఉన్న ఇల్లు, కమానులున్న పాత కట్టడం, వీటికి త్రీడీ తప్పదు. వీధిలోని ప్రతి ఇంటికీ చేయించడం డబ్బు దండగ.

అయితే మూడింటిలోనూ వాల్యూమ్ లాస్ మనం వేసే అంకే. టూడీలో దాన్ని నేరుగా ఇస్తాం, త్రీడీలో ఒత్తిళ్ల రూపంలో ఇస్తాం, అంతే తేడా. 1.4 మీటర్ల రింగుకు 1 శాతమంటే అర ఘనపు మీటరు మట్టి. రింగుకు తవ్వేది 48 ఘనపు మీటర్లు. ఇసుకలో ముఖం ఒత్తిడి జారి ఒక్క రింగులో మూడు ఘనపు మీటర్లు ఎక్కువొస్తే 6 శాతం అయిపోయింది. కింద గట్టి రాయి, పైన ఇసుక ఉన్న ముఖం దగ్గర ఈ తంటా మరీ ఎక్కువ. పాత పేటల్లో పూడ్చిన బావి తగిలితే మట్టితో పాటు లెక్కా అందులోకే జారిపోతుంది. ఏ మోడల్‌లోనూ ఆ బావి ఉండదు, ఇంటి పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

అందుకే వరుస ఇలా పెట్టుకోవాలి. దారి పొడవునా అన్ని ఇళ్లకూ ఎక్సెల్‌లో 0.5, 1, 2 శాతాలు మూడూ వేసి చూడాలి. హద్దు దాటినవాటికి సాగదీత లెక్క చేయాలి. అందులోనూ మిగిలిన నాలుగైదింటికే త్రీడీ. టీబీఎం బయల్దేరిన మొదటి 100 మీటర్లలో ఇళ్లు లేని చోట నేల మీద అడ్డంగా మేకుల వరుసలు పాతి, కుంగుదల కొలిచి, అసలు శాతమూ అసలు కె ఎంతో వెనక్కి లెక్కగట్టాలి. మన ఇంటి దగ్గర ఆ శాతం 0.5కు దిగితే 24 మిల్లీమీటర్లు 12 అవుతాయి, వాలు 760కి 1. కుంగుదల ఇంకా 10 దాటే ఉంది కాబట్టి ఆ ఇంటి గోడకు వాలు కొలిచే టిల్ట్ మీటరు, ఇప్పటికే ఉన్న బీటల మీద వాటి వెడల్పు కొలిచే క్రాక్ గేజీలు ఉండాల్సిందే. టీబీఎం రాకముందే వాటి రీడింగులు కొన్ని వారాలు తీసిపెట్టుకోవాలి. ఎండకే సున్నపు గోడ ఎంత కదులుతుందో తెలియకపోతే తర్వాత కనిపించే ప్రతి కదలికా టీబీఎం నెత్తికే చుట్టుకుంటుంది.