మునగాకా, మాత్రా? ఏది మేలు?

మా పెదనాన్నకి లంక పొగాకు చుట్ట లేనిదే పొద్దు గడవదు. పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు "క్యాన్సర్ రాకుండా ఉంటుంది, రోజూ వేసుకో నాన్నా" అని విటమిన్ల సీసా ఒకటి ఇచ్చి వెళ్లాడు. ఇంకేముంది, పెదనాన్నకి ధీమా వచ్చేసింది. "మాత్ర వేసుకుంటున్నాగా, ఏమవుద్ది రా" అంటూ చుట్ట ముట్టిస్తాడు. పెరట్లో మునగచెట్టు ఆషాఢంలో తప్ప ఎవరికీ గుర్తురాదు.

సీసా తిప్పి చూస్తే బీటా కెరోటిన్ అని ఉంది. మునగాకులో, బొప్పాయిలో ఉండేదీ అదే. ఒంట్లోకి వెళ్లాక విటమిన్ ఏగా మారుతుంది. కూరలు, పళ్లు బాగా తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, ఆ గొప్పంతా దీనిదేనేమో అనుకున్నారు ఒకప్పుడు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లని 29 వేల మందిని తీసుకుని, కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో లెక్క తేలింది: మాత్ర వేసుకున్నవాళ్లలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో ఇలాంటి పరీక్షనే 1996లో మధ్యలో ఆపేశారు, అక్కడా అదే వరస. పెదనాన్న సీసాలో మోతాదు అంత లేదనుకోండి. అయినా చుట్ట తాగే మనిషికి ఆ రిస్క్ ఎందుకు?

ఆకుకూరతో ఆ భయం లేదు. పైగా అందులో పీచు ఉంది, పెద్దపేగు క్యాన్సర్ ముప్పుని తగ్గిస్తుంది. ఫోలేట్ అనే బీ విటమినూ ఉంది. కణాలు రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ సరిగ్గా తయారవ్వాలంటే అది కావాలి. చాలకపోతే డీఎన్‌ఏలో థైమిన్ అనే ముక్క ఉండాల్సిన చోట యురాసిల్ అనే వేరే ముక్క వచ్చి కూర్చుంటుంది, డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. అయితే ఫోలేట్ నీళ్లలో కరుగుతుంది. ఆకు ఉడికించి ఆ నీళ్లు పారబోసే ఇళ్లలో సగం సారం తూముపాలే.

అలాగని మాత్రని పూర్తిగా కొట్టిపారేయలేను. చైనాలో లిన్‌షియన్ అనే చోట జనానికి తిండిలోనే విటమిన్లు కొరత. వాళ్లకి బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం కలిపి ఇస్తే కడుపు క్యాన్సర్ చావులు 21 శాతం తగ్గాయి. అంటే లోటున్న ఒంటికి పనికొచ్చింది. మనలో మాంసం, చేప ముట్టనివాళ్లకి బీ12 తక్కువపడటం మామూలే. రక్తపరీక్షలో తక్కువని తేలితే మాత్రే వేసుకోవాలి, మునగాకు ఎంత తిన్నా ఆ లోటు తీరదు.

నా ఓటు మునగాకుకే. కానీ ఏ కూరైనా చుట్ట పొగకి విరుగుడు కాదు. ఆవకాయ, ఉప్పుచేప లాంటివి కూడా కాస్త తగ్గిస్తే కడుపుకి మంచిది. గోదావరి వాళ్లతో ఈ మాట అంటే కొడతారనుకోండి!

పెదనాన్న సీసా నాకిచ్చేశాడు. దొడ్డమ్మ వారానికి రెండుసార్లు మునగాకు పప్పు వండుతోంది. చుట్టలు రోజుకి నాలుగు నుంచి రెండుకి దిగాయి. ఆ రెండింటి మీద ఇంకా పేచీ నడుస్తోంది.