ఆర్మీ జిప్సీతో ఆరేళ్లు: బండి గురించి, దాంతోపాటు కొన్న సామాను గురించి

పొలం ఉండి, దానికి సరైన బాట లేనివాళ్లకు ఆర్మీ వేలం నుంచి వచ్చిన మారుతి జిప్సీ ఇప్పటికీ మంచి బండే. షోకు కోసం కొంటే మాత్రం ఏడాది తిరిగేసరికి షెడ్డులో దుమ్ము పట్టి ఉంటుంది. మిలిటరీ సామాను పేరుతో దొరికే బూట్లు, బ్యాగులు, జాకెట్లలో నిజంగా అక్కరకొచ్చేవి రెండో మూడో. నేను ఉండేది హనుమకొండలో. రేగొండ దగ్గర పత్తి, మిర్చి వేసే రేగడి భూమి ఉంది. బండి ఎక్కువగా తిరిగింది ఈ రెండింటి మధ్యే, అప్పుడప్పుడు తాడ్వాయి, ఏటూరునాగారం అడవి వైపు.

నాది 2006లో తయారైన బండి. 1298 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎంపీఎఫ్ఐ (ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోల్ చిమ్మేది), 80 హార్స్ పవర్. గుడ్డ టాపు, వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. మారుతి 1985లో మొదలుపెట్టిన మోడల్ ఇది. ముప్పై ఏళ్లకు పైగా పెద్దగా మారకుండానే నడిచింది. సైన్యం 2017లో జిప్సీల స్థానంలోకి 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు ఆర్డర్ ఇచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మారుతి జిప్సీ తయారీనే ఆపేసింది. కొత్తది దొరకదు కాబట్టి పాతదానికి గిరాకీ పెరిగింది. నేను కొన్న ధరకు ఇప్పుడు ఇలాంటి బండి వస్తుందని అనుకోను.

ఆర్మీ బండి చూడటానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తుతారు. ముందు చూడాల్సింది ఫైలు. సైన్యం పక్కన పెట్టిన బండ్లు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో అమ్ముడవుతాయి. ధరావతు కట్టి ఎవరైనా పాడొచ్చు గానీ, బండ్లను చాలాసార్లు లాట్లుగా పెడతారు. ఒక్క జిప్సీ కావాలనుకునేవాడు నాలుగైదు బండ్ల లాట్ పాడి ఏం చేసుకుంటాడు? అందుకే మనలాంటివాళ్లు లాట్ పాడుకున్న వ్యాపారి దగ్గర కొంటారు. నేనూ అలాగే కొన్నాను.

డిపో ఇచ్చిన విడుదల పత్రం, వేలం సంస్థ ఇచ్చిన డెలివరీ ఆర్డరు, వ్యాపారి జీఎస్టీ బిల్లు. ఈ మూడింటిలోనూ ఛాసిస్ నంబరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. అసలు చిక్కు ఇంజన్ నంబరు దగ్గర వస్తుంది. ఆర్మీలో ఇంజన్ పని అయిపోతే, దాన్ని బాగుచేసేదాకా బండిని ఆపి కూర్చోరు. ఈఎంఈ అనే సైన్యం రిపేర్ల విభాగం వర్క్‌షాపులో ఓవర్‌హాల్ చేసి పెట్టిన ఇంకో ఇంజన్ ఎక్కించి పంపేస్తారు. వాళ్ల పనికి అది సరైన పద్ధతే. కొన్నాక మనకు మాత్రం కాగితంలో ఒక నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు ఉంటాయి. కరీంనగర్‌లో తెలిసినాయన బండి ఈ ఒక్క కారణంతో నెలల తరబడి రిజిస్ట్రేషన్ లేకుండా వాకిట్లోనే ఉండిపోయింది. నేను టార్చి, వైర్ బ్రష్ పట్టుకుని వెళ్లి, బ్లాకు మీది గ్రీజు గీకి నంబరు చదివాకే బయానా ఇచ్చాను. వ్యాపారి మొహం మాడ్చుకున్నాడు, అయినా చూడనిచ్చాడు. చూడనివ్వని వ్యాపారి దగ్గర కొనొద్దు.

విడుదల పత్రంలో తుక్కు కింద అమ్మినట్టు రాసి ఉంటే రిజిస్ట్రేషన్ మీద ఆశ వదులుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించకూడదనే నిబంధన వచ్చింది. ఆపరేషన్లకు వాడే రక్షణ శాఖ ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. ఇప్పుడు కొనేవాళ్లు ఆ పత్రంలో ప్రతి పదం చదవక తప్పదు. ఇంకో సంగతి, ఆర్టీఏలో వయసు లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, బండి తయారైన సంవత్సరం నుంచి. 2019లో నా పేరు మీదికి వచ్చిన బండికి పదిహేనేళ్లు నిండి 2021లోనే రెన్యువల్ చేయించాల్సి వచ్చింది.

ఆకుపచ్చ రంగు కూడా తీసేయాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. బాణం గుర్తుతో మొదలయ్యే ఆర్మీ నంబరు ప్లేటును సరదాకైనా ఉంచుకోకూడదు. నేను మట్టి రంగు వేయించాను. ఆర్మీవాళ్లు పాత పూత మీదే మళ్లీ మళ్లీ పూసుకుంటూ పోతారు, ఆ పొరలన్నీ గీకడానికి టింకరింగ్ షాపులో పట్టిన సమయం ఇంజన్ పనికి పట్టలేదు. గీకించినందుకు ఒక లాభం మాత్రం దక్కింది, కింద తుప్పు ఎక్కడెక్కడ ఉందో కళ్లారా కనిపించింది. జిప్సీలో ఫ్లోరు, వెనక తలుపు కింది అంచు, బాడీని ఛాసిస్‌కు బిగించే చోట్లను తుప్పు ముందు తింటుంది. పైన మెరిసే కొత్త రంగుతో అమ్మకానికి వచ్చిన బండి కన్నా, రంగు పోయి వికారంగా ఉన్న బండే నయం.

ఇక నడక. రేగడి మట్టి సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు వానలు పడితే చెప్పు కూడా బయటికి రాదు. పెద్ద బండ్లు అక్కడ ఓడిపోయేది బరువు వల్ల. జిప్సీ బరువు టన్ను లోపే, టైర్లు సన్నం, నేల నుంచి ఎత్తు 210 మిల్లీమీటర్లు. నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే ఫోర్ వీల్‌లో, తక్కువ వేగపు ‘లో’ గేరులో పెట్టి, యాక్సిలరేటర్ మీద కాలు ఎక్కువ వేయకుండా వదిలితే దాని పాటికి అదే పాకుతూ పోతుంది. 45 కిలోల యూరియా బస్తాలు ఎనిమిదేసి వేసుకుని ఆగస్టులో చేను దాకా వెళ్లాను. పక్క చేను వాళ్లు రోడ్డు మీద దింపి ట్రాక్టర్ కోసం ఎదురుచూసేవాళ్లు.

అయితే లోపల లివర్ లాగినంత మాత్రాన ముందు చక్రాలకు శక్తి వెళ్లదు. దిగి, ముందు చక్రాల మధ్యనున్న హబ్బులను చేత్తో లాక్ వైపు తిప్పాలి. ఆర్మీ బండ్లలో ఈ హబ్బులు ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటాయి. కొనే ముందు రెండూ తిరుగుతున్నాయో లేదో చూడండి. బురదలో దిగాక తిప్పడం కాదు, బురద రాకముందే తిప్పుకోవాలి. మళ్లీ గట్టి రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ తీసేయాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), టైర్లు రెండూ అరుగుతాయి.

నీళ్ల విషయంలో మాత్రం భ్రమ పడొద్దు. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది కూడా అప్పుడే. ఆ వారం ఎక్కడ ఆగినా "మిలిటరీ బండి కాదే, దాటియ్యరాదు?" అన్నవాళ్లే. దాటించలేదు. బురదలో కాపాడిన ఆ తక్కువ బరువే పారే నీళ్లలో ముంచుతుంది, బండిని పక్కకు నెట్టేస్తుంది. పైగా పెట్రోల్ ఇంజన్, కరెంటు వైర్లు తడిస్తే మధ్యలోనే ఆగుతుంది. నిలిచిన నీళ్లలో నెమ్మదిగా వెళ్లొచ్చినా, ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యనున్న గేర్ల డబ్బా) ఆయిల్ చూడాలి. గాలి గొట్టం గుండా నీళ్లు లోపలికి పోతే ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్‌లా తెల్లబడుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా మార్చేయాలి.

రిపేర్ల దగ్గర ఈ బండి నన్ను ఆశ్చర్యపరిచింది. ఇంజన్ మారుతి ఎస్టీమ్ కారు ఇంజన్ కుటుంబానిదే కాబట్టి చాలా సామాను వరంగల్‌లోనే దొరుకుతుంది. ఆటోనగర్‌లో మా మెకానిక్ భాయ్ నాలుగైదు పానాలతో సగం బండి విప్పేస్తాడు. స్కానర్ పెట్టి, తల గోక్కుని, షోరూముకు పొమ్మనే బాధ లేదు. ముందు యాక్సిల్ సామాను, ట్రాన్స్‌ఫర్ కేసు సామాను మాత్రం ఢిల్లీ కాశ్మీరీ గేట్ నుంచి తెప్పించుకోవాలి. నా చేత ఎక్కువ ఖర్చు పెట్టించినవి ముందు చక్రాల నకిల్ (చక్రం పక్కకు తిరిగే కీలు) సీళ్లు, చక్రాలకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, కమాన్ పట్టీల బుష్‌లు. కొన్న ధరకు దాదాపు సమానంగా మొదటి రెండేళ్లలో పెట్టాను. అంత పెట్టాల్సి వస్తుందని లెక్క వేసుకునే దిగాను కాబట్టి టెన్షన్ పడలేదు. చేతిలో డబ్బంతా బండికే ఇచ్చి కొనేవాళ్లు ఇక్కడే అమ్ముకుంటారు.

"ఆర్మీ మెయింటెనెన్స్ కదా, బండి కొత్తదానిలా ఉంటుంది" అనే మాట నమ్మొద్దు. ఆయిల్, గ్రీజు వేళకు పడతాయి, అది నిజం. కానీ బండి వేలానికి వచ్చిందంటే సైన్యం దాని లెక్క తేల్చేసిందనే అర్థం. ఆ తర్వాత డిపోలో ఎండకూ వానకూ ఎన్నేళ్లు నిలబడిందో కిలోమీటర్ల రీడింగ్ చెప్పదు.

ఇప్పుడు అందరికీ వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్ గురించి. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దానికోసం తయారైనవి కావు. నా బండిలో ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెట్రోల్ పైపులన్నీ మార్పించాను, పాతవి వేలితో నొక్కితే పగుళ్లు తేలాయి. మైలేజీ రోడ్డు మీద లీటరుకు పది, చేనులో తిరిగిన రోజు అడగొద్దు.

సుఖం గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలే. ఏటూరునాగారం వెళ్లే 163వ నంబరు హైవే మీద గంటకు 80 దాటితే మనం ఏం మాట్లాడుతున్నామో పక్కవాళ్లకు వినపడదు. మే నెల ఎండలో గుడ్డ టాపు కింద కూర్చోవడం ఒక శిక్ష, వానలో పక్కల నుంచి జల్లు. మేడారం జాతరకు వెనక బెంచీ మీద కూర్చుని వచ్చిన అమ్మ, "మళ్ల ఈ డొక్కు బండ్ల నన్ను ఎక్కియ్యకు బిడ్డా" అని తేల్చి చెప్పింది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, మలుపుల్లో స్పీడుగా తిప్పితే పడిపోయే బండి. పిల్లలను తీసుకుని దూరం వెళ్లడానికి ఇంట్లో వేరే కారు ఉంటేనే దీని గురించి ఆలోచించండి.

ఆర్మీదే ఇంకో పాత బండి జోంగా కొనమంటారా అని అడిగేవాళ్లు ఉన్నారు. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో 1969 నుంచి తయారైన నిస్సాన్ బండి అది. దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. చూడటానికి జిప్సీ దాని ముందు ఆనదు. కానీ పెట్రోల్ తాగే లెక్క చూసి చాలామంది డీజిల్ ఇంజన్ వేయించేశారు, ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే మళ్లీ కాగితాల గొడవే. పెళ్లి ఊరేగింపులకు బాగుంటుంది.

సామాను సంగతికొస్తే, నేను కొన్నవి ఎక్కువగా సికింద్రాబాద్ తిరుమలగిరి లాల్ బజార్ షాపుల్లోనే. అన్నింటికన్నా పనికొచ్చింది ఇరవై లీటర్ల ఇనుప జెర్రీ క్యాన్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్లు చేసిన ఆకారాన్ని ఈ రోజుకీ ఎవరూ పెద్దగా మార్చలేదంటే కారణం వాడితే తెలుస్తుంది. పైన మూడు పిడులు ఉంటాయి. నిండు క్యాన్‌ను ఇద్దరు చెరో పిడి పట్టుకుని మోయొచ్చు, ఖాళీవైతే ఒక చేత్తో రెండు పట్టుకోవచ్చు. మూత లివర్‌తో బిగుసుకుంటుంది, తిప్పే పని లేదు. పక్కల మీద ఉన్న నొక్కుల వల్ల ఎండకు లోపల ఆవిరి పెరిగినా రేకు తట్టుకుంటుంది. పెట్రోల్ అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు కాబట్టి ఒక్క క్యాన్‌తో ఇబ్బంది లేదు. ఇథనాల్ పెట్రోల్ మాత్రం అందులో నెలల తరబడి ఉంచొద్దు, తేమ లాగి లోపల తుప్పు పట్టిస్తుంది. కొనేటప్పుడు మూత తీసి టార్చి వేసి చూడండి, వాసన కూడా చూడండి.

తర్వాతిది ఇనుప మందుగుండు డబ్బా, ఖాళీదే. మూతకు రబ్బరు గాస్కెట్ ఉంటుంది, అది బాగుంటే నీటి చుక్క పోదు. నా పానాలు, బండి కాగితాల జిరాక్సులు అందులోనే. ఉన్ని కంబళి కూడా మంచిదే, పొలం కాపలాకు పడుకునేవాళ్లకు జనవరి చలిలో అంతకు మించింది లేదు. బరువెక్కువ, కొంచెం గుచ్చుతుంది.

మిగతావి డబ్బు దండగ. ఏళ్లు గోదాములో ఉన్న పాలియురెథేన్ సోల్ బూట్లు తొడిగి నడిస్తే అడుగు పొడిపొడిగా రాలిపోతుంది, చూడటానికి కొత్తవే. మిలిటరీ బ్యాగుల్లో సగం లోకల్‌గా కుట్టి ఆకుపచ్చ రంగు వేసినవి. కుట్టు దారం, బకిల్ చూస్తే తేడా తెలిసిపోతుంది.

సైనికుల మచ్చల యూనిఫాం బట్టలు అసలు కొనొద్దు. 2022లో వచ్చిన కొత్త యూనిఫాం డిజైన్‌ను సైన్యం తన పేరు మీద రిజిస్టర్ చేసుకుంది, బయట అమ్మకూడదు. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకోవడం నేరం కూడా. మా ప్రాంతంలో దీనికి ఇంకో కారణం ఉంది. తాడ్వాయి అడవిలో ఆకుపచ్చ బట్టలు పోలీసులు, నక్సలైట్లు రెండు వైపుల వాళ్లూ వేసుకున్నారు, మధ్యలో నలిగింది ఊళ్లు. జీపు చప్పుడు వినగానే మగవాళ్లు చేలల్లోకి పోయిన రోజులు చూసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. రంగు మార్చిన తర్వాత కూడా ఒక ఊళ్లో చాయ్ కోసం బండి ఆపితే, పెద్దాయన దగ్గరికొచ్చి "ఏ ఠాణ సారూ మీది?" అని అడిగాడు. విత్తనాల కంపెనీ వాళ్లలా కనపడటానికి వీలుగా తెల్ల అంగీలోనే వెళ్తాను అప్పటి నుంచి.

బండి కాగితం గడువు ఈ ఏడాదితో అయిపోతుంది. 2021లో 600 ఉన్న కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు స్టీరింగ్ ఆట తీయించాలి, ఎడమ నకిల్ సీలు మళ్లీ కారుతోంది. మెకానిక్ భాయ్ పండగ తర్వాత రమ్మన్నాడు, ఢిల్లీకి సీళ్లు ఆర్డర్ పెట్టాను.