మిరపకు 17:17:17 గుళికలా, 19:19:19 పొడా?

అంకెలు దగ్గరగా ఉన్నా రెండింటి పని వేరు. 17:17:17 నేలలో వేసే ఎరువు. 50 కిలోల బస్తాలో నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 8.5 కిలోలు. భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు కాబట్టి ఆఖరి దుక్కిలోనే వేర్లకు అందే లోతున పడాలి.

19:19:19 పూర్తిగా నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 5 గ్రాముల చొప్పున ఎకరాకు 200 లీటర్లు కొడితే కిలో పొడి, అంటే ఒక్కో పోషకం 190 గ్రాములే! వానలకు వేర్లు దెబ్బతిని చేను ఆకులు పసుపు రంగుకు తిరిగితే తేరుకోవడానికి బాగా పనికొస్తుంది, దుక్కి ఎరువుకు మాత్రం బదులు కాదు. మిట్టమధ్యాహ్నం చిక్కగా కొడితే ఆకు అంచులు మాడతాయి. డ్రిప్‌లో కాల్షియం నైట్రేట్‌తో కలపొద్దు, తెల్లటి మడ్డి కట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఖర్చు తగ్గుతుందని 17ను నానబెట్టి పిచికారీ చేసినా అంతే, అడుగున మిగిలిన మట్టి నాజిల్‌కు అడ్డం పడుతుంది.

మూడు పోషకాలూ సమానంగా ఉన్నాయని వీటిని 'సమతుల్యం' అంటారు, అసలు ఆ మాటే మిరపకు సరిపోదు. నీటి కింద పైరుకు ఎకరాకు నత్రజని, భాస్వరం, పొటాష్ వరుసగా 120-24-48 కిలోలు కావాలి. మూడు బస్తాల 17తో భాస్వరం తీరిపోతుంది. మిగతా నత్రజని యూరియాగా, పొటాష్ మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువుగా దఫాలవారీగా ఇవ్వాలి.