టర్బో సీ బతుకమ్మ, రేలిబ్ బతుకమ్మ

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు సీ ల్యాబ్ చెప్పబట్టి చాలా ఏండ్లయింది. ఎక్కువ కాలం టర్బో సీ అనే పాత సీ కంపైలర్‌లో బొమ్మలు గీసే బీజీఐ లైబ్రరీతోనే గడిచింది. 1987 నాటి ఆ 16 బిట్ సరంజామాను 64 బిట్ విండోస్ నేరుగా నడపదు, పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో పెట్టి నెట్టుకొచ్చాం. నాలుగేండ్ల కింద రేలిబ్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీకి మారాను.

దసరా ముందు పిల్లలతో బతుకమ్మ గీయించడం నా అలవాటు. బీజీఐలో 640×480 తెరకు 16 రంగులే. తంగేడుకు పసుపు ఉంది, అద్దిన గునుగుకు మెజెంటా సరిపెట్టుకోవచ్చు. ప్యాలెట్ మార్చి బంతికి నారింజ తెచ్చుకుంటే ఇంకో రంగు వదులుకోవాల్సిందే. బతుకమ్మను తిప్పబోతే అసలు తంటా. ఆ మోడ్‌లో ఉండేది ఒక్కటే పేజీ, అంటే వెనక గీసి పెట్టుకునే చోటు లేదు, చెరిపి గీసిన ప్రతిసారీ తెర మిణుకు మిణుకుమనేది.

రేలిబ్‌లో ఆ బాధ లేదు. 2013లో రామోన్ శాంటమారియా మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది. బొమ్మంతా తెర వెనక గీసి ఒక్కసారి ముందుకు తెస్తుంది. సెకనుకు 60 ఫ్రేములతో బతుకమ్మ నున్నగా తిరుగుతుంటే వెనక బెంచీలోళ్లు కూడా లేచొచ్చి చూశారు. విండోస్ సొంత హెడర్ ఫైలు విండోస్.హెచ్‌ను కూడా కలిపితే మాత్రం రెక్టాంగిల్, క్లోజ్‌విండో పేర్లు రెండింట్లోనూ ఉండి కంపైలర్ గోల పెడుతుంది. దానికి నాకొక సాయంత్రం పోయింది.

గీతను చుక్క చుక్కగా గీసే బ్రెసెన్‌హామ్ పద్ధతి చెప్పేటప్పుడు పాత బీజీఐనే మేలు. చుక్క పెట్టే పుట్‌పిక్సెల్, వెంట కాస్త ఆపే డిలే పెడితే చుక్కలు చీమల బారులాగ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, వచ్చినవి అక్కడే ఉంటాయి. రేలిబ్‌లో ప్రతి ఫ్రేమూ మళ్లీ మొదటినుంచి గీయాలి. చుక్క నిలవాలంటే గీసింది దాచిపెట్టే రెండర్ టెక్స్చర్ సంగతి ఎత్తాలి, ఫస్టియర్ పిల్లలకు అది అప్పుడే ఎందుకు? హద్దు లోపల రంగు నింపే ఫ్లడ్‌ఫిల్ కూడా అందులో రెడీమేడ్‌గా లేదు. మేమే రాసుకున్నాం. ఒక పిల్లగాడు ఫంక్షన్ తనను తానే పిలుచుకునే రికర్షన్‌తో పెద్ద వృత్తం నింపబోయి స్టాక్ మెమరీని పొంగించాడు. ఆ గంట పాఠం నాకు బాగా నచ్చింది.

నన్ను నిరాశపరిచింది తెలుగు. ఫాంటు ఎక్కించి బతుకమ్మ అని రాయిస్తే వొత్తు కిందికి దిగలేదు. మ, పొల్లు, ఇంకో మ దేనికది నిలబడ్డాయి. అక్షరాలను కలిపి కూర్చే పని రేలిబ్ చేయదు. పేరును బొమ్మగా చేసి అతికించాం. బీజీఐలో తెలుగు ఫాంటే లేదు, అక్కడ అక్షరాలు గీతలతో గీసుకునేవాళ్లం.

ఇప్పుడు బ్రెసెన్‌హామ్ అయ్యేదాకా రెండు వారాలు డాస్‌బాక్స్, ఆ తర్వాత అంతా రేలిబ్.