‘ఎయిర్‌టైట్’ డబ్బాల సెట్టు కొన్నారా? సరుకు పోసే ముందు ఒకసారి బకెట్లో ముంచి చూడండి

లోపల సరుకు కనబడేలా అద్దంలా ఉండి, మూతకి నాలుగు వైపులా క్లిప్పులుండే ప్లాస్టిక్ డబ్బాల సెట్లు ఆన్‌లైన్ సేల్ పెట్టినప్పుడల్లా కనబడుతున్నాయి కదండీ, ఈ పోస్టు వాటి గురించే. మే నెలలో 2,499 రూపాయలు పెట్టి 18 డబ్బాల సెట్టు కొన్నాను. ఆగస్టు వచ్చేసరికి ఆ డబ్బు కాక ఇంకో రెండు వేల రూపాయల సరుకు పారబోశాను. ఈమధ్యే కొన్నవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే చూసుకుంటారని రాస్తున్నాను.

మాది విశాఖ. సముద్రపు గాలికి ఇక్కడ ఉప్పు జాడీలో కూడా చెమ్మ చేరుతుంది, వానాకాలంలో అప్పడాలు ఒక పూట బయట ఉంటే చాలు మెత్తబడిపోతాయి. అందుకే అందం చూసి కాదు, ‘ఎయిర్‌టైట్’ అన్న మాట చూసే కొన్నాను. నేనూ మా అత్తయ్యా కలిసి వంటింటి అల్మరా మొత్తం దింపేసి, అరలు తుడిచి, పప్పులకి ఒక అర, పిండులకి ఒక అర, పోపు సామానుకి చేతికందే అర అని రోజంతా సర్దుకున్నాం. చోటు చాలక, పెళ్లప్పుడు అమ్మ ఇచ్చిన స్టీలు డబ్బాల్లో సగం పాత సామాన్లవాళ్లకి వేసేశాను. అది తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మొదటి తేడా ఆ రోజే బయటపడింది. పెద్ద డబ్బా 1200 మి.లీ. అనీ, కిలో పప్పు పడుతుందనీ రాశారు. కిలో కందిపప్పు ప్యాకెట్ కత్తిరించి పోస్తే అంచుదాకా వచ్చేసి, ఇంకా నూటయాభై గ్రాములకు పైనే ప్యాకెట్లో మిగిలిపోయింది. అనుమానం వచ్చి కొలగ్లాసుతో నీళ్లు పోసి చూశాను, 1050 దగ్గరే నిండిపోయింది. మూత లోపలికి దిగే మందం కూడా తీసేస్తే చేతికొచ్చేది ఇంకా తక్కువ. గోధుమపిండి అయితే చెప్పక్కర్లేదు, కిలోకి లీటరున్నర పైనే చోటు కావాలి. చివరికి ప్రతి డబ్బా వెనకా రబ్బరుబ్యాండు వేసిన ప్యాకెట్ ఒకటి, అల్మరా మళ్లీ ఎప్పటిలాగే. అప్పుడే వెనక్కి పంపేయాల్సింది, కష్టపడి సర్దినదంతా మళ్లీ దింపాలా అని ఊరుకున్నాం.

జులై ఆఖర్లో ఉప్మాకని బొంబాయి రవ్వ డబ్బా తెరిచాను. రవ్వ ఉండలు కట్టింది. మూత అంచు పొడవునా సాలెగూడులాంటి సన్నటి దారాలు, వాటిలో రవ్వ నలకలు చిక్కుకుని వేలాడుతున్నాయి, మధ్యలో తెల్లటి పురుగు ఒకటి మెల్లగా పాకుతోంది. మూత తిప్పి వెలుతురులో పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. చుట్టూ ఉండే రబ్బరు రింగు రెండు కొసలూ ఒక మూల దగ్గర కలవాలి, కానీ కలవలేదు, వాటి మధ్య నా గోరు దూరేంత సందు ఉంది. క్లిప్పులు మాత్రం టక్కుమని బ్రహ్మాండంగా పడుతున్నాయి, ఆ చప్పుడు వినే ఇన్నాళ్లూ గట్టిగా మూసుకుందనుకున్నాం. అన్నీ తీసి చూస్తే 18 లో 11 మూతలు ఇంతే.

రవ్వలో గుడ్లు కొట్టు నుంచే వచ్చి ఉండొచ్చు, డబ్బా పురుగుని పుట్టించదు కదా. కానీ మూత సరైనదైతే ఆ పురుగు ఆ డబ్బాలోనే ఉండిపోవాలి. వేరే కొట్లో వేరే రోజు కొన్న బియ్యప్పిండిలో, శనగపిండిలో, పండక్కని దాచిన జీడిపప్పులో అవే దారాలు కనబడ్డాయి. అల్మరా పైమూలల్లో చిన్న చిన్న రెక్కల పురుగులు వాలి ఉన్నాయి. బెల్లం అయితే నీరు కారి డబ్బా అడుగున పాకంలా పేరుకుంది.

అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా రాస్తే, రిటర్న్ గడువు 7 రోజులే, లోపల పోసుకున్న సరుకుతో మాకు సంబంధం లేదు, ఎయిర్‌టైట్ అంటే గాలి అస్సలు చొరదని కాదు అని జవాబిచ్చారు. మరి ఆ మాట అంత పెద్ద అక్షరాలతో ఎందుకు వేశారండీ? రవ్వకి పురుగు పట్టి బయటపడేసరికి వారాలు గడుస్తాయి, ఏడు రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? ఇంకో సంగతి, నేను రాసిన కొన్నాళ్లకి ఆ ‘కిలో పప్పు’ మాట పేజీలోంచి తీసేశారు. ఆర్డర్ పెట్టిన రోజు రంగు బాగుందా అని అడగడానికి మా అత్తయ్యకి పంపిన స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి సరిపోయింది. మీరూ కొనేటప్పుడు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

డబ్బా ఇంటికి రాగానే, ఖాళీదే మూత బిగించి బకెట్ నీళ్లలో ముంచి నొక్కిపట్టండి. ఏ మూల నుంచైనా బుడగలు వస్తే అది ఎయిర్‌టైట్ కాదు. బయటికి తీసి తుడిచి తెరిచి చూడండి, లోపల తడి ఉందేమో. అడుగున గ్లాసూ ఫోర్కూ ఉన్న గుర్తు (తినే సరుకు పెట్టడానికి పనికొస్తుందని చెప్పేది), త్రికోణంలో అంకె (ఏ రకం ప్లాస్టిక్కో చెప్పేది) ఉన్నాయో లేదో చూడండి. నా వాటికి రెండూ లేవు, పేజీలో మాత్రం ఫుడ్ గ్రేడ్ అని ఉంది. ఇదంతా వీడియో తీయండి, గడువు లోపే రిటర్న్ పెట్టండి.

గడువు దాటిపోయినా వదిలేయకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మన ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేయండి. నేను చేశాకే ఆ అమ్మినవాళ్లు 300 రూపాయల కూపన్ ఇస్తామని దిగొచ్చారు. వద్దన్నాను. నాకు కావాల్సింది కూపన్ కాదు, పూర్తి డబ్బు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ప్రస్తుతానికి మిగిలిన స్టీలు డబ్బాలే మళ్లీ అల్మరా ఎక్కాయి, రవ్వ వేయించి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. మీ సెట్టు వచ్చి ఇంకా ఏడు రోజులు కాకపోతే, దయచేసి ఈ రాత్రికే ఒక్క డబ్బా ఖాళీ చేసి ముంచి చూడండి.